ఫ్లోరైడ్ పోయిందా, దాక్కుందా? బత్తాయి తొక్క బొగ్గుతో ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లకు

నా ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో మొదటి రీడింగు చూసి ఎగిరి గంతేశాను. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో పటిక ఎక్కించిన బత్తాయి తొక్క బొగ్గు కాస్త వేసి, రెండు గంటలు ఊపి, వడగట్టి, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ముంచితే 0.1 చూపించింది. అంటే 98 శాతం. ఆ రాత్రి హాస్టల్లో పడుకునే ముందే పేపర్ టైటిల్ కూడా రాసేసుకున్నా. మర్నాడు మా సారు నోట్‌బుక్ తిప్పి చూసి, "ఇందులో ఫ్లోరైడ్ పోయిందా, దాక్కుందా?" అని ఒక్క మాట అడిగి టీకి వెళ్లిపోయారు.

నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. నేను టిసాబ్ (పీహెచ్‌ను కుదురుగా ఉంచి, అల్యూమినియం పట్టులోంచి ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) కలపకుండానే రీడింగు తీసుకున్నాను. బొగ్గు మీది అల్యూమినియం కొంత నీళ్లలోకి దిగింది, దిగిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టేసుకుంది. ఎలక్ట్రోడ్‌కు విడిగా తిరిగే ఫ్లోరైడ్ అయానే కనబడుతుంది, అల్యూమినియం చంకలో ఉన్నది కనబడదు. నీళ్లలో ఫ్లోరైడ్ అట్లాగే ఉంది, మీటరు మాత్రం లేదంది. టిసాబ్ కలిపి మళ్లీ చూస్తే 98 కాస్తా అరవైల్లోకి దిగింది. టైటిల్ చింపేశాను.

నల్లగొండలోనో పాలమూరులోనో కెమిస్ట్రీ చదివి, ప్రాజెక్టు అనగానే "ఫ్లోరైడ్ అడ్సార్ప్షన్ చేద్దాం సార్" అనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏటా నలుగురైదుగురు నాకు ఫోన్ చేస్తారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకేచోట పెడుతున్నా. పాఠ్యపుస్తకంలో ఉన్న అధిశోషణం (అడ్సార్ప్షన్, అంటే ఘన పదార్థం తన ఉపరితలం మీద పట్టుకోవడం) నిర్వచనం మీకు వచ్చు, అది వదిలేస్తా. ఎక్కడ మోసపోతామో అది చెప్తా.

ముందు మన నీళ్ల సంగతి నాలుగు ముక్కల్లో. మన కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాయి. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలబడతాయి. పైగా ఆ నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దింపేది, అది లేదు కాబట్టి ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. భారత ప్రమాణం ప్రకారం తాగునీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పాత బోర్ల లెక్కలు దీన్ని ఎంత దాటాయో మీకు నేను చెప్పక్కర్లేదు, వంగిన నడుములు చెప్పాయి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసింది. బకెట్లో చేసుకోవచ్చు, చవక. కానీ బురద మిగులుతుంది, పటిక ఎక్కువ పడుతుంది, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోయే భయం ఉంటుంది. అందుకే జనం అడ్సార్ప్షన్ వైపు చూశారు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి కదా, ఇంకా ఈ పని ఎందుకు అని వైవాలో తప్పకుండా అడుగుతారు. నల్లా ఆగిన రోజు జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు అని చెప్పండి, అది నిజం కూడా.

పదార్థం ఏది తీసుకోవాలి

ప్రతి ఏడూ ఒక కొత్త తొక్క, ఒక కొత్త ఆకు, ఒక కొత్త గింజ. "దీని మీద ఎవరూ చేయలేదు సార్" అన్నది ఒక్కటే కారణం అయితే ఆ పదార్థం వదిలేయండి. ఇక్కడ ఊరికే దొరికేది, ఏడాది పొడవునా దొరికేది, పారేసేది తీసుకోండి. నల్లగొండలో బత్తాయి తోటలకు కొదవ లేదు, జ్యూస్ బండి దగ్గర సాయంత్రం అడిగితే తొక్క సంచెడు ఇస్తారు. మిర్యాలగూడ వైపు వాళ్లకు రైస్ మిల్లుల ఊక, పాలమూరు వాళ్లకు పల్లి పొట్టు, సీజన్లో సీతాఫలం తొక్క.

ఒక్క సంగతి ముందే ఒప్పుకోవాలి. ఉత్త తొక్క, ఉత్త బొగ్గు ఫ్లోరైడ్‌ను పెద్దగా పట్టవు. మామూలు నీటి పీహెచ్ దగ్గర వాటి ఉపరితలం మీద చాలావరకు రుణావేశం ఉంటుంది, ఫ్లోరైడ్ కూడా రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. రంగు నీళ్లలో మిథిలీన్ బ్లూ పట్టే బొగ్గు ఫ్లోరైడ్‌ను కూడా పడుతుందనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఫ్లోరైడ్‌కు కావాల్సింది అల్యూమినియం, జిర్కోనియం, లాంథనం లాంటి గట్టి లోహ అయాన్లు. బొగ్గు ఆ లోహం కూర్చోవడానికి వేసిన పీట లాంటిది. జిర్కోనియం, లాంథనం లవణాలు ఖరీదు, పటిక కిరాణా కొట్లోనే ఉంటుంది. కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకు పటికే నయం.

తయారీ ఇట్లా చేస్తాను. తొక్కను నీళ్లతో బాగా కడిగి, చిన్న ముక్కలు కోసి రెండు రోజులు ఎండబెట్టి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు మారకుండా అయ్యేదాకా ఉంచాలి. మిక్సీ పట్టి, మూతపెట్టిన క్రూసిబుల్లో కూరి, మఫిల్ ఫర్నేస్‌లో 500 డిగ్రీల దగ్గర గంటన్నర, రెండు గంటలు. మూత సరిగా లేకపోతే గాలి తగిలి బొగ్గు బదులు బూడిద మిగులుతుంది, నాకు మొదటి రెండు బ్యాచులు అట్లాగే పోయాయి. చల్లారాక సన్నటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. ఈ మెట్టు ఎవరూ పట్టించుకోరు కానీ చాలా ముఖ్యం, ఎందుకంటే పండ్ల తొక్కల బూడిదలో కాల్షియం, పొటాషియం ఉంటాయి, వాటిని వదిలించకపోతే మీ బొగ్గు వేసిన నీళ్ల పీహెచ్ 9, 10 దాకా ఎగిరిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, కడిగిన నీళ్ల పీహెచ్ మామూలుకు వచ్చేదాకా కడగండి.

లోహం ఎక్కించడానికి 10 గ్రాముల పటికను 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, అందులో 10 గ్రాముల బొగ్గు వేసి రెండు మూడు గంటలు కలపాలి. ఆ తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని చుక్కచుక్కగా, ఓపిగ్గా, పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా వేయాలి. తొందరపడి 10 దాటిస్తే ఏర్పడిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ అల్యూమినేట్‌గా మారి మళ్లీ కరిగిపోతుంది, మీరు ఎక్కించిందంతా సింకులోకి పోతుంది. వడగట్టి కడగండి. ఎంత కడగాలి అంటే, కడిగిన నీళ్లలో బేరియం క్లోరైడ్ చుక్క వేస్తే తెల్లగా మబ్బు కమ్మనంత వరకు, అంటే పటికలోని సల్ఫేట్ పోయేంత వరకు. 100 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, జల్లెడ పట్టి, ఏ సైజు కణాలు వాడుతున్నారో రాసుకుని, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

ఇదే రోజు ఇంకో రెండు డబ్బాలు కూడా తయారుచేసుకోవాలి. ఒకటి లోహం ఎక్కించని బొగ్గు. రెండోది, బొగ్గు లేకుండా అదే పటిక, అదే సోడియం హైడ్రాక్సైడ్‌తో చేసిన ఉత్త అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఈ రెండోది చేస్తే కొంచెం గుండె జారుతుంది, ఎందుకంటే చాలాసార్లు పనంతా హైడ్రాక్సైడే చేస్తుంటుంది, మన బత్తాయి పీటగా మాత్రమే ఉంటుంది. అయినా తప్పు లేదు. పొడిగా జారిపోయే హైడ్రాక్సైడ్‌ను వడగట్టడం నరకం, బొగ్గు మీద ఎక్కిస్తే సులువు, అదే మీ ప్రాజెక్టు ప్రయోజనం అని ధైర్యంగా రాసుకోండి.

కొలవడం రాకపోతే మిగతాదంతా వృథా

సోడియం ఫ్లోరైడ్‌ను ఓవెన్‌లో ఆరబెట్టి 0.221 గ్రాములు తూచి లీటరు నీళ్లలో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ద్రావణం వస్తుంది. దాన్ని పలచబరిచి మిగతావన్నీ చేసుకోవచ్చు. అన్నీ ప్లాస్టిక్ సీసాల్లోనే, గాజు వద్దు, ముఖ్యంగా ద్రావణం ఆమ్లం వైపు ఉన్నప్పుడు. సోడియం ఫ్లోరైడ్ విషం, దాన్ని గాఢ ఆమ్లంతో కలపడం ఇంకా ప్రమాదం, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఆ డబ్బా మూత తీయకండి.

ఎలక్ట్రోడ్ ఉంటే మీ అదృష్టం. దాని చివర ఉండే పలక లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం, వేళ్లతో ముట్టుకోవద్దు, టిష్యూతో రుద్దొద్దు. గాఢత పదింతలు పెరిగితే 25 డిగ్రీల దగ్గర రీడింగు దాదాపు 59 మిల్లీవోల్టులు మారాలి, 54 నుంచి 60 మధ్య వస్తే ఎలక్ట్రోడ్ బాగున్నట్టే. ఏప్రిల్, మే నెలల్లో మన ల్యాబుల్లో ఏసీ ఉండదు, మధ్యాహ్నం 40 డిగ్రీలు మామూలే, అప్పుడు సిద్ధాంతం ప్రకారమే అది 62 అవుతుంది. అందుకని పొద్దున చేసిన క్యాలిబ్రేషన్‌ను మధ్యాహ్నం వాడకండి. నేను ఎండాకాలంలో పొద్దున ఆరున్నరకే ల్యాబుకు వెళ్లి పదకొండుకల్లా రీడింగులు ముగించేవాణ్ని, అటెండర్ తాతకు రోజూ టీ నా ఖర్చే.

టిసాబ్ సంగతి ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది. లీటరు చేయడానికి 57 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 5 నుంచి 5.5 మధ్యకు తెచ్చి, లీటరుకు నింపుకోవాలి. శాంపిల్ ఎంతో టిసాబ్ అంత, స్టాండర్డులకు కూడా అంతే. ఇందులో ప్రాణం సీడీటీఏ, అది అల్యూమినియంను తను పట్టుకుని ఫ్లోరైడ్‌ను వదిలిస్తుంది. ఖరీదని అది మానేసి ఉప్పు, ఎసిటేట్‌తో సరిపెడితే అది పేరుకే టిసాబ్. కలిపిన వెంటనే కాకుండా కాసేపు ఆగి రీడింగు తీసుకోండి. అల్యూమినియం మరీ ఎక్కువ దిగి ఉంటే ఇదీ చాలదు, అప్పుడు శాంపిల్‌ను పలచబరిచి మళ్లీ చూడాలి.

ఎలక్ట్రోడ్ లేకపోతే స్పాండ్స్ అనే రంగుతో కొలిచే పద్ధతి ఉంది. జిర్కోనియం, స్పాండ్స్ కలిసిన ఎర్రటి రంగును ఫ్లోరైడ్ విరగ్గొడుతుంది, 570 నానోమీటర్ల దగ్గర రంగు ఎంత తగ్గిందో చూస్తాం. లీటరుకు 1.4 మిల్లీగ్రాముల దాకే నమ్మకం, ఆపైన ఉంటే పలచబరచాలి. కానీ దీనికీ అల్యూమినియంతో పేచీ, లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం ఉన్నా లెక్క తప్పుతుంది. అల్యూమినియం ఎక్కించిన బొగ్గుతో పనిచేస్తూ, శాంపిల్‌ను డిస్టిల్ చేయకుండా నేరుగా స్పాండ్స్‌తో కొలిచి 95 శాతం అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు నా బీరువాలోనే రెండున్నాయి. ఒకటి మా జూనియర్‌ది, ఇంకోటి ఎవరిదో చెప్పను.

సీసాలో ఏం జరుగుతోంది

50 మిల్లీలీటర్ల ద్రావణం, 0.2 గ్రాముల బొగ్గు, 100 మిల్లీలీటర్ల మూత సీసా, నిమిషానికి 120 నుంచి 150 తిప్పుళ్లతో షేకర్. ప్రతిదీ మూడు సీసాల్లో. వీటితో పాటు ఎప్పుడూ ఇంకో రెండు సీసాలు ఉండాలి, బొగ్గు లేని ఫ్లోరైడ్ సీసా ఒకటి, ఫ్లోరైడ్ లేని డిస్టిల్డ్ వాటర్‌లో బొగ్గు వేసిన సీసా ఒకటి. మొదటిది సీసా గోడలు, వడపోత కాగితం ఎంత తిన్నాయో చెప్తుంది. రెండోది మీ బొగ్గు నీళ్లలోకి ఏం వదులుతోందో చెప్తుంది.

ఈ రెండో సీసా అలవాటు నాకు పక్క ల్యాబు నుంచి వచ్చింది. అక్కడ పల్లాడియంతో సుజుకి కప్లింగ్ (రెండు కార్బన్ ముక్కలను అతికించే రియాక్షన్) చేసే అక్క ఉండేది. (హెక్, నెగిషి, సుజుకిలకు 2010లో నోబెల్ వచ్చింది ఈ పల్లాడియం కప్లింగులకే.) కార్బన్ మీద పల్లాడియం ఎక్కించి దాన్ని ఉత్ప్రేరకంగా వాడేది. రియాక్షన్ సగంలో ఉండగా, వేడి మీదే వడగట్టి, ఘన పదార్థం తీసేసి, మిగిలిన ద్రవాన్ని మళ్లీ అదే వేడి మీద పెట్టేది. రియాక్షన్ ఇంకా నడుస్తుంటే పని చేస్తున్నది కార్బన్ మీదున్న పల్లాడియం కాదు, కరిగి బయటికొచ్చిన పల్లాడియం అన్నమాట. "నీ బొగ్గుకీ ఈ పరీక్ష ఎందుకు పెట్టవురా" అంది. నిజమే కదా, ఆమె లోహమూ కార్బన్ మీదే కూర్చుంది, నా లోహమూ కార్బన్ మీదే కూర్చుంది, దిగిపోతే ఇద్దరికీ అదే నష్టం. అప్పట్నుంచి వడగట్టిన నీళ్లలో అల్యూమినియం ఎంతుందో కొలవకుండా నేను ఏ శాతమూ రాయలేదు. తాగునీళ్లలో అల్యూమినియం పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 0.2. ఫ్లోరైడ్ తీసేసి అల్యూమినియం పోస్తే ఆ నీళ్లు ఎవరికి కావాలి?

ఫ్లోరైడ్ దాక్కునే ఇంకో చోటు కాల్షియం ఫ్లోరైడ్. లీటరుకు 50, 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టి గ్రాముకు ఇంత పట్టింది అని పెద్ద అంకె చూపించే పేపర్లు చాలా ఉన్నాయి. బొగ్గులో కడగకుండా వదిలేసిన కాల్షియం ఉంటే, అంత గాఢతలో అది కాల్షియం ఫ్లోరైడ్‌గా ఊరికే అవక్షేపిస్తుంది, అది అడ్సార్ప్షన్ కాదు. మంచినీళ్లలో కాల్షియం ఫ్లోరైడ్ కరిగితే లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంటుంది, అంటే 100 నుంచి 8కి దింపడం దానికి తేలిక, మనకు కావాల్సిన 4 నుంచి 1కి దింపడం దాని వల్ల కాదు. అందుకే గాఢతలు 2, 4, 6, 8, 10, 15, 20 ఇట్లా పెట్టుకోండి. మన బోర్లలో ఉండేది ఆ పరిధే.

లెక్క సులువే. మొదట్లో ఉన్న గాఢత నుంచి మిగిలిన గాఢత తీసేసి, లీటర్లలో ఘనపరిమాణంతో గుణించి, బొగ్గు బరువుతో భాగించాలి. 5 నుంచి 1.2కి దిగిందనుకోండి, 3.8ని 0.05తో గుణించి 0.2తో భాగిస్తే గ్రాముకు 0.95 మిల్లీగ్రాములు, శాతంలో 76. అదే బొగ్గు 0.4 గ్రాములు వేసి 0.6కి దింపారనుకోండి, శాతం 88కి పెరిగింది, కానీ గ్రాముకు పట్టింది 0.55కి పడిపోయింది. శాతం పెంచడం చేతకానివాడు లేడు, బొగ్గు గుమ్మరిస్తే చాలు. కాబట్టి శాతాన్ని పక్కనపెట్టి గ్రాముకు ఎంత పట్టింది, అదీ ఎంత మిగిలిన గాఢత దగ్గర పట్టింది అని చూడండి.

ఈ అంకెతో ఇంకో లెక్క వేస్తే కళ్లు తెరుచుకుంటాయి. ఒక ఇంట్లో తాగడానికి, వండడానికి రోజుకు 20 లీటర్లు అనుకుందాం. బోరు నీళ్లలో 4 ఉంటే 1కి దింపాలి, లీటరుకు 3 చొప్పున రోజుకు 60 మిల్లీగ్రాములు తీయాలి. మీ బొగ్గు 1 దగ్గర గ్రాముకు 1 మిల్లీగ్రాము పడితే రోజుకు 60 గ్రాములు, నెలకు 1.8 కిలోలు. ఎన్ని బత్తాయిలు తినాలో మీరే చూసుకోండి. మళ్లీ మళ్లీ వాడగలిగితేనే ఇది పని అవుతుంది, అందుకే రీజనరేషన్ (వాడిన బొగ్గును మళ్లీ పనికొచ్చేలా చేయడం) చేయని ప్రాజెక్టు సగం ప్రాజెక్టే.

పీహెచ్ గురించి కొంచెం. పీహెచ్‌జెడ్‌పీసీ అంటే ఉపరితలం మీద ధన, రుణ ఆవేశాలు సమానమయ్యే పీహెచ్. 0.01 మోలార్ సోడియం క్లోరైడ్‌ను 3 నుంచి 10 దాకా వేర్వేరు పీహెచ్‌లకు సర్ది, ఒక్కోదానిలో బొగ్గు వేసి ఒక రోజు ఊపి, పీహెచ్ ఎక్కడ మారకుండా ఉందో చూస్తే అదే. దానికి కింద ఉపరితలం ధనావేశంతో ఉండి ఫ్లోరైడ్‌ను పిలుస్తుంది. అల్యూమినా రకాలకు పీహెచ్ 5, 6 దగ్గర పని బాగా నడుస్తుంది. మరీ 4 కింద అల్యూమినియం కరుగుతుంది, 9 పైన హైడ్రాక్సైడ్ అయాన్లు ఫ్లోరైడ్‌తో పోటీపడి దాని చోటు లాక్కుంటాయి. పీహెచ్ మొదట్లో ఎంత ఉందన్నది కాదు, ఊపిన తర్వాత ఎంత ఉందన్నది ముఖ్యం, రెండూ రాయండి.

కైనెటిక్స్‌కు, అంటే ఎంత వేగంగా పడుతోందో చూడటానికి, ఒకే సీసాలోంచి మాటిమాటికీ తీయకండి, తీసిన కొద్దీ ద్రవానికీ బొగ్గుకూ నిష్పత్తి మారిపోతుంది. 5, 10, 20, 30, 60, 120, 240 నిమిషాలకు ఒక్కో సీసా, 24 గంటలకు ఇంకోటి. ఫిట్టింగు దగ్గర ఒక హెచ్చరిక. సూడో సెకండ్ ఆర్డర్ అనే వేగ సమీకరణం సరళరేఖలో కాలాన్ని రెండు అక్షాల మీదా వేస్తాం, కాబట్టి చెత్త డేటాకు కూడా ఆర్ స్క్వేర్ (గీత ఎంత సరిపోయిందో చెప్పే అంకె) 0.99 వస్తుంది. అది చూసి "రసాయనిక అధిశోషణం నిరూపితమైంది" అని రాయడం ఈ రంగంలో ఒక జబ్బు. మిగిలిన గాఢతకూ గ్రాముకు పట్టినదానికీ సంబంధం చెప్పే లాంగ్మ్యూర్, ఫ్రాయిండ్లిక్ సమీకరణాలు రెండింటినీ ఎక్సెల్ సాల్వర్‌లో వక్రరేఖగానే ఫిట్ చేసి, తేడాలు గీసి చూడండి. రెండూ సమానంగా సరిపోతే సమానంగా సరిపోయాయనే రాయండి, కొంప మునగదు.

పదార్థం నిర్మాణం, ఉపరితలం చూపించే ఎఫ్‌టీఐఆర్, ఎక్స్‌ఆర్‌డీ, సెమ్ ఫొటోలు చివర్లో. హైదరాబాద్‌కు శాంపిళ్లు పంపాలంటే డబ్బు, క్యూ. బ్యాచ్ ఫలితాలు తేలాక, వాడక ముందుది ఒకటి, వాడినది ఒకటి పంపితే చాలు. పటిక బదులు ఇనుము ఎక్కించినవాళ్లు ఈడీఎక్స్‌లో (ఏ మూలకాలున్నాయో ఎక్స్ రేలతో చూపించే పరీక్ష) ఫ్లోరిన్ గీత కనబడిందని సంబరపడకండి, ఫ్లోరిన్ గీతా ఇనుము ఎల్ గీతా దాదాపు ఒకేచోట వస్తాయి.

అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం వెనక్కి తీయడమే. వాడిన బొగ్గును 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో గంట, రెండు గంటలు ఊపి, బయటికొచ్చిన ఫ్లోరైడ్‌ను కొలవండి (పీహెచ్ తగ్గించి, టిసాబ్ కలిపాకే). పట్టిందనుకున్నదానిలో ఎంత వెనక్కి వచ్చిందో పక్కపక్కన రాస్తే మా సారు అడిగిన ప్రశ్నకు అదే జవాబు. తర్వాత నీళ్లతో, ఆపై చాలా సన్నని ఆమ్లంతో క్షారం పోయేలా కడిగి మళ్లీ వాడండి, కనీసం ఐదుసార్లు. ప్రతిసారీ అల్యూమినియం కొంత రాలిపోతుంది, అంకె తగ్గుతుంది, తగ్గిన అంకెలే రాయండి. ఆ కడిగిన క్షారపు నీళ్లు సింకులో పోస్తే బోరులోంచి తీసిన ఫ్లోరైడ్‌ను మళ్లీ భూమిలోకి పంపినట్టే. ఒక డ్రమ్ములో పోగుచేసి, ఆమ్లంతో కొంత తటస్థం చేసి, కాల్షియం క్లోరైడ్ వేస్తే చాలావరకు తెల్లగా అడుగుకు దిగుతుంది, ఆ బురదను ల్యాబు వ్యర్థాల్లోకి ఇవ్వండి.

బోరు దగ్గరికి

డిస్టిల్డ్ వాటర్‌లో ఎంత బాగా పనిచేసినా, అసలు పరీక్ష ఊరి నీళ్లే. ఇక్కడ బైకార్బొనేట్ లీటరుకు మూడు, నాలుగు వందల మిల్లీగ్రాములు ఉండటం మామూలు. అది పీహెచ్‌ను ఎనిమిది దగ్గర గట్టిగా నిలబెడుతుంది, బొగ్గు మీద చోటుకు పోటీ కూడా పడుతుంది. ల్యాబులో గ్రాముకు 2 పట్టిన బొగ్గు ఊరి నీళ్లలో సగం కూడా పట్టకపోతే మీరు తప్పు చేసినట్టు కాదు. కావాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం బైకార్బొనేట్ ఒక్కటే కలిపి చూడండి, దోషి ఎవరో ఆ ఒక్క సీసాతో తేలిపోతుంది. క్లోరైడ్, నైట్రేట్ పెద్దగా అడ్డుపడవు, ఫాస్ఫేట్ ఉంటే గట్టిగా అడ్డుపడుతుంది.

బోరు నీళ్లను ఐదు పది నిమిషాలు పారనిచ్చాక పట్టండి. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, పీహెచ్, ఉష్ణోగ్రత, కండక్టివిటీ అక్కడే చూడండి, ల్యాబుకు వచ్చేసరికి పీహెచ్ మారిపోతుంది. ఊరు, బోరు ఎక్కడుంది, ఎన్ని అడుగులు, తేదీ, టైము సీసా మీదే రాయండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. నాకు మారిపోయాయి, పదహారు సీసాలకు మళ్లీ ఎండలో తిరిగాను.

మీరు వడగట్టిన నీళ్లు ఎవరికీ తాగమని ఇవ్వకండి. ఎవరన్నా అడిగినా ఇవ్వకండి.

మర్రిగూడ వైపు ఒక ఊళ్లో బోరింగు కొడుతుంటే ఒక పెద్దమ్మ వచ్చి నిలబడింది. మోకాళ్లు వంగి, కర్ర పట్టుకుని. నా సంచిలోని సీసాలు చూసి, "నీళ్లు పట్టుకపోయినోళ్లు శానా మందే ఉన్నరు బిడ్డా, మల్లొచ్చి చెప్పినోళ్లే లేరు" అంది. నెల తర్వాత ఫలితం కాగితం మీద రాసుకుని పోయాను. 4.2 అని ఉంది. చదివి వినిపిస్తే, "అంటే మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. "చెడ్డదే పెద్దమ్మా, తాగొద్దు, వంటకూ వద్దు, గిన్నెలు తోమేందుకు వాడుకో, తాగేందుకు నల్లా నీళ్లు పట్టుకో" అన్నాను. "నల్లా రెండ్రోజుల సంది బందే ఉంది" అంది. కాగితం మాత్రం తీసుకుని, గోడకున్న క్యాలెండర్ మేకుకు గుచ్చింది.